తలుపు మీది పేరు

అతని పేరు నేను రాయను. ఊరంతా ఆ పేరే జపం చేస్తోంది. నేనొక్కణ్ణి చేయకపోతే దానికి వచ్చే లోటేమీ లేదు.

దినాలైన తర్వాత మా జిమ్ములో సంతాప సభ పెట్టారు. బరువులన్నీ గోడవారకు జరిపి కుర్చీలు వేశారు. బెంచీ మీద అతని ఫొటో, ఫొటోకు బంతిపూల దండ. ఉస్తాద్ మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఉస్తాద్ అంటే మా జిమ్ము నడిపే మనిషి, ఒకప్పటి కుస్తీ పహిల్వాన్, మా ఇద్దరికీ బరువులు ఎత్తడం నేర్పినవాడు. "నీకంటె ఎక్కువ ఎర్కున్నోడు ఎవ్వడున్నడు? జర రెండు ముక్కలు మాట్లాడు" అన్నాడు. నేను గొంతు సవరించుకుని, "మంచోడు" అన్నాను. ఆ తర్వాత ఒక్క మాట పెగల్లేదు. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకుని ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. నేను మాత్రం జనాన్ని చూస్తున్నాను. కుర్చీలు చాలక గుమ్మం బయట కూడా నిలబడ్డారు. ఆఫీసువాళ్ళు, కాలనీవాళ్ళు, నారాయణపేట నుంచి బస్సులు మారి వచ్చిన మగ్గాలవాళ్ళు. నేను పోతే ఇందులో సగమైనా వస్తారా? అప్పుడు నా బుర్రలో తిరుగుతున్నది అదే. చచ్చినవాడి మీద కూడా కళ్ళల్లో నిప్పులు పోసుకునే మనిషిని నేను.

కాబట్టి ఇది సంతాపం అనుకోకండి. ఆ రోజు మైకులో చెప్పకుండా మింగినదాన్ని ఇక్కడ కక్కుతున్నాను.

అతను రాకముందు నల్గొండలో బెంచీ మీద పడుకుని రాడ్డు ఎత్తే వికలాంగుణ్ణి నేనొక్కణ్ణే. చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఎడమకాలు క్యాలిపర్‌లో, అంటే ఇనప కడ్డీల చట్రంలో ఉంటుంది, కుడికాలు పేరుకే కాలు. కలెక్టరేట్ దగ్గర చిన్న జిరాక్స్ షాపు నాది. పొద్దున జిమ్ము, పగలంతా షాపు. మా పోటీలో కాళ్ళతో పనిలేదు. తొడలను పట్టీతో బెంచీకి కట్టేస్తారు. రాడ్డును రొమ్ము మీదికి దించి, ఒక్క క్షణం ఆపి, మళ్ళీ పైకి ఎత్తి మోచేతులు బిగించాలి. జడ్జీలు తెల్ల లైట్లు వేస్తే ఎత్తినట్టు, ఎర్ర లైట్లు వేస్తే ఆ కష్టమంతా గంగలో కలిసినట్టు. రోడ్డు మీద నన్ను జాలిగా చూసే కళ్ళే జిమ్ములో నోరెళ్ళబెట్టిన ముఖాల్లో కనబడేవి. కుర్ర పహిల్వాన్లు నా దండచేతులు పట్టి చూసి, "ఏం తింటవే అన్నా" అనేవాళ్ళు. జీవితంలో నాకు దక్కిన గొప్ప అదొక్కటే. రాష్ట్రం వచ్చిన కొత్తలో పేపరు జిల్లా పేజీలో నా ఫొటో కూడా పడింది. ఉస్తాద్ దాన్ని అద్దం పక్కన అతికించాడు. రోజూ అద్దంలో నన్ను చూసుకున్నట్టు నటిస్తూ ఆ ఫొటోనే చూసుకునేవాణ్ణి.

ఆ తర్వాత రెండేళ్ళకో మూడేళ్ళకో అతను దిగబడ్డాడు.

వికలాంగుల కోటాలో నల్గొండలో ఆఫీసు ఉద్యోగం వచ్చి నారాయణపేట నుంచి మకాం మార్చాడట. చేనేత కుటుంబం. రెండు కాళ్ళూ పోలియోవే, నా కాళ్ళకంటే సన్నం. మా జిమ్ము గుమ్మానికి ఎత్తయిన మెట్లుండేవి. నేను గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఆయాసం తీర్చుకుంటూ ఎక్కేవాణ్ణి. అతను చేతికర్రను లోపలికి విసిరేసి, రెండు అరచేతులూ మెట్టు మీద ఆనించి, ఒళ్ళు ఒక్క ఊపు ఊపి పైమెట్టు మీద కూర్చున్నాడు. కూర్చుని నవ్వి, "గంతే" అన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఏ పని ముగించినా ఆ మాట అనడం అతని అలవాటు. రాడ్డు ఎత్తినా గంతే, టిఫిను డబ్బా మూత పెట్టినా గంతే.

గుంట మగ్గం నేయాలంటే కాళ్ళు కావాలి. గుంటలోకి కాళ్ళు దింపి తొక్కుతూ ఉండాలి. ఇంట్లో అందరికీ వచ్చిన ఆ పని అతనికి రాలేదు. చిన్నప్పటి నుంచి అందరికీ కండెలు చుట్టిపెట్టేవాడట. రాట్నం తిప్పీ తిప్పీ, ఇంటి నాలుగు మూలలకూ తన ఒంటిని చేతుల మీదే మోసుకునీ మోసుకునీ ఛాతీ ఎంత వెడల్పయిందంటే, చొక్కా గుండీలు ఒకచోట నిలిచేవి కావు. ఆ మొదటి రోజే ఉస్తాద్ రాడ్డుకు నేను ఏళ్ళ తరబడి కిందామీదా పడి సాధించిన బరువు తగిలించి, చూద్దామన్నాడు. అతను పడుకుని, అరచేత్తో బెంచీని తట్టి, ఇంట్లో దూడను పిలిచినట్టు "దా బిడ్డ, దా" అని రాడ్డును పిలిచాడు. దించాడు. ఎత్తాడు. "గంతే" అన్నాడు.

ఉస్తాద్ నా వైపు తిరిగి చూడనైనా చూడలేదు. చూసి జాలిపడినా ఓర్చుకునేవాణ్ణేమో.

అతని చొక్కా జేబులో చిన్న స్టీలు డబ్బీ ఒకటి ఉండేది. బెంచీ ఎక్కే ముందు మూత తీసి, చిటికెడు నల్లటి ముద్ద తీసి దవడన పెట్టుకునేవాడు. గుట్కా అనుకున్నాను. ఎంత సంబరపడ్డానో! అమ్మయ్య, వీడికీ ఒక పాడలవాటు ఉంది. వెంటనే ఉస్తాద్ చెవిన వేశాను. ఉస్తాద్ పిలిచి గద్దించేసరికి అతను మూత తీసి డబ్బీని తిన్నగా నా ముక్కు దగ్గర పెట్టాడు. చాడీ మోసింది ఎవరో అతనికి చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోయింది. కాఫీ పొడి వాసన. బెల్లంతో కలిపి నూరింది.

"రాయచూర్ నుంచి తెప్పిస్తరు మా ఇంట్ల" అన్నాడు. "పెండ్లిండ్ల చీరలు మీద పడ్డప్పుడు మా నాయిన గిది దవడకు పెట్టుకొనే మగ్గం మీద కూసుంటడు. ఒళ్ళు గుంజదు, చెయ్యి నడుస్తది."

"మరి గుట్కా లెక్క గిట్ల నమిలేదేందిరా? చాయ్ లెక్క కాసుకొని తాగొచ్చు కద" అన్నాడు ఉస్తాద్.

అతను ఉస్తాద్‌ను వదిలేసి నా వైపు చూశాడు. నాకు అర్థమైంది. ఉస్తాద్‌కు కాలేదు.

ఇది విప్పి చెప్పకపోతే కాళ్ళున్నవాళ్ళకు తెలియదు. మేము నీళ్ళు తాగం. తాగితే పోవాలి, పోవడానికి మాకు జాగా ఉండదు. మా జిమ్ములో బాత్రూము వెనక పెరట్లో ఉండేది. పాచి పట్టిన మెట్టు దిగాలి, లోపల నేలలోకి బేసిన్. అక్కడ కర్ర జారుతుంది, క్యాలిపర్ జారుతుంది. చేతుల మీద పోదామంటే ఆ తడిలో, ఎవరెవరో చేసిన తడిలో, అరచేతులు పెట్టాలి. అవే చేతులతో తర్వాత అన్నం తినాలి. బస్టాండైనా అంతే, ఆఫీసైనా అంతే, స్టేడియమైనా అంతే. బళ్ళో చదువుకన్నా ముందు మేం నేర్చుకునే విద్య ఇది: పొద్దున్నే ఇంట్లో పని ముగించుకుని బయలుదేరితే మళ్ళీ ఇల్లు చేరేదాకా గొంతులో చుక్క పోయకూడదు. మునుగోడు పక్క పల్లె మాది. ఫ్లోరైడు పుణ్యమా అని అక్కడ నీళ్ళంటేనే జనానికి అనుమానం, కాబట్టి నేను తాగకపోయినా ఎవరూ వింతగా చూడలేదు. అతనూ నాలాగే పెరిగాడు. కాఫీ ఒంటికి కావాలి, నీళ్ళు వద్దు. అందుకే పొడిని పొడిగానే నమిలేవాడు.

ఆ రోజు నుంచి గుమ్మం దగ్గర కలిస్తే బాగున్నవా అని అడగడం మానేశాడు.

"తాగినవా అన్నా?"

"లే."

"నేను గూడ లే" అని కన్నుకొట్టేవాడు.

వినేవాళ్ళు కల్లు గురించి అనుకునేవారు. ఇంత పెద్ద నల్గొండలో నా ఎండిన గొంతు గురించి చెప్పకుండానే తెలిసిన మనిషి అతనొక్కడే. ఆ ఒక్కణ్ణే చూస్తే నాకు ఒళ్ళు మండేది.

కొన్నాళ్ళకు జిమ్ములోకి పొడి డబ్బాలు దిగాయి. ఎత్తేముందు తాగే పొడి. కుర్రాళ్ళు హైదరాబాద్ నుంచి తెచ్చుకునేవాళ్ళు. మూత తీస్తే పుల్లటి పండు వాసన, లోపలంతా కాఫీలో ఉండే మందే, కాకపోతే ఎన్నో రెట్లు ఘాటు. పెద్ద గ్లాసు నీళ్ళలో కలుపుకుని తాగాలని డబ్బా మీద ఉంటుంది. ఒంటి బరువును బట్టి చెంచా తగ్గించుకోవాలని కూడా ఉంటుంది. మా ఒళ్ళు తూకంలో బడిపిల్లాడిది, ఛాతీ మాత్రం పహిల్వాన్‌ది. "రాడ్డు ఎత్తేది ఛాతి. చెంచ ఛాతికి సరిపోవాలె గని కాళ్ళను జూసి తగ్గిస్తరా ఎవడన్న?" అని అతను నిండు చెంచా నాలుక మీద పోసుకుని, నీళ్ళు లేకుండా మింగేవాడు. అతను చేస్తే నేను చేయకుండా ఉంటానా? నేనూ మింగాను. అతని రాడ్డుకు మరో ప్లేటు ఎక్కింది. నాకేమో షాపులో చేతులు వణికి జిరాక్స్ కాగితాలన్నీ వంకరగా పడ్డాయి. జనం తిట్టిపోశారు. గుండె గొంతులోకొచ్చి కూర్చున్నట్టుండేది, నిద్ర పట్టేది కాదు. నెల తిరక్కుండా మానేశాను. ఒకే పొడి, ఒకే పోలియో, అతనికి పడింది, నాకు పడలేదు. ఇంకెక్కడి న్యాయం?

ఇవన్నీ ఒక ఎత్తు, అతని నాయిన రావడం ఒక ఎత్తు. కొడుకు బరువు ఎత్తుతుంటే కళ్ళారా చూడాలని ఆ ముసలాయన ఒకసారి నారాయణపేట నుంచి వచ్చాడు. సంచిలోంచి ఒక నేత పట్టీ తీశాడు. బెత్తెడు వెడల్పు, మెరూన్ రంగు, రెండు పక్కలా నారాయణపేట చీర అంచు. తొడలు బెంచీకి కట్టుకోవడానికి మగ్గం మీద ప్రత్యేకంగా నేశాడట. మేమంతా లారీ టార్పాలిన్లు కట్టే పట్టీ వాడేవాళ్ళం, తొడ మీద వాతలు తేలేవి. ముసలాయన బెంచీ పక్కన గొంతుక్కూర్చుని, ఆ సన్నటి కాళ్ళ చుట్టూ పట్టీ చుట్టి, తన చేత్తో ముడి వేశాడు. "ఒత్తుకుంటాందా బిడ్డ?" అని అడిగాడు. "లే నాయినా" అన్నాడు కొడుకు.

మా బాపు జిమ్ము గుమ్మం తొక్కలేదు. "కాళ్ళు లేనోనికి గా బరువులతోని ఏం పని రా" అని పోయేదాకా అంటూనే ఉన్నాడు. నేను లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. పతకాలు పోతే పోనీ అనుకోగలను. ఆ ముడి చూసి మాత్రం కడుపు రగిలిపోయింది. ఇప్పటికీ రగులుతూనే ఉంది.

హైదరాబాద్‌లో రాష్ట్ర పోటీలకు ఇద్దరం కలిసే వెళ్ళాం. ఇద్దరిదీ ఒకే బరువు తరగతి. అతను మొదటివాడు, నేను రెండోవాణ్ణి, ఈ వరస మారేది కాదు. తెల్లవారగట్లే బయలుదేరాం కాబట్టి అప్పటి నుంచి చుక్క నీరు లేదు. స్టేడియంలో బాత్రూములు మెట్ల కింద ఉన్నాయి. అవి చూసి ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. అతను పొడి మింగాడు, సరిపోలేదనుకుని మళ్ళీ మింగాడు. పెదవులు తెల్లగా పొక్కిపోయి ఉన్నాయి. అయినా రాడ్డును పిలిచాడు, దించాడు, ఎత్తాడు. లైట్లన్నీ తెల్లగా వెలిగాయి. జనం చప్పట్లు. నేను పట్టీ విప్పడానికి బెంచీ దగ్గరికి వెళితే, అతను నా చెయ్యి లాగి తన మెడ పక్కన ఆనించుకున్నాడు.

"చూడన్నా, మగ్గం లెక్క కొట్టుకుంటాంది."

నిజంగానే కొట్టుకుంటోంది, నా వేళ్ళను తోసేస్తున్నట్టుగా. అలా నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగింది. వేళ్ళు ఇంకా గట్టిగా అదిమాను. మళ్ళీ మొదలైంది.

"ఆగుతాంది రా నడుమ నడుమ!" అన్నాను.

"పోగు తెగినట్టున్నది. మళ్ళ అతుక్కుంటది" అని నవ్వాడు.

కాసేపటికి అదే మెడలో పతకం వేశారు.

నల్గొండ వచ్చాక వెంటపడి అతన్ని డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. ప్రేమతోనా అంటే చెప్పలేను. భయమైతే వేసింది. దాంతోపాటు, డాక్టరు కనక బరువులు మానెయ్ అంటే ఇక నేనే మొదటివాణ్ణన్న ఆశ కూడా ఉంది. వద్దన్నా ఉంది, ఏం చేయను? డాక్టరు ఇద్దరికీ ఈసీజీ తీశాడు. నాది చూసి, "నీకేం లేదు, పో" అన్నాడు. అతనిది చూసి వెంటనే బీపీ చూశాడు, మళ్ళీ చూశాడు. రోజూ ఏమేం తీసుకుంటాడో అడిగాడు. డబ్బీ సంగతి, చెంచా సంగతి, అన్నీ చెప్పించాడు.

"బీపీ మస్తు ఎక్కువుంది. గుండె గోడ మందమైనట్టు కనపడుతోంది. కొట్టుకునుడు గూడ తప్పుతోంది. గా పొడి ఇయ్యాల్నే బంద్ చెయ్యి. హైదరాబాద్ పోయి టుడీ ఎకో తీయించుకో. గది చూసేదాక రాడ్డు ముట్టకు" అన్నాడు డాక్టరు.

"మందమైతే మంచిదే కద సార్? గట్టిగుంటది" అన్నాడు అతను. దండలు మందమైతే అందరూ మెచ్చుకుంటారు, ఇదీ అలాంటిదే అనుకున్నాడు.

"చెయ్యి కాదయ్య గది. గోడ మందమైతే లోపల జాగ తగ్గుతది. నెత్తురు ఎట్ల పోవాలె? ఇంకోటి, నీళ్ళు మంచిగ తాగు. గంట గంటకు తాగు."

ఆ చివరి మాటకు ఇద్దరం ఒకేసారి ఫక్కున నవ్వాం. డాక్టరు మమ్మల్ని పిచ్చివాళ్ళను చూసినట్టు చూశాడు. నవ్వు ఆగాక నాకు మళ్ళీ కుళ్ళు మొదలైంది. ఇన్నేళ్ళు ఎత్తినా నా గుండెకు ఏమీ కాలేదంటే నేను సరిగా ఎత్తనే లేదన్నమాట. రోగంలోనూ వాడిదే పైచెయ్యి.

వచ్చేటప్పుడు గడియారం సెంటర్ దగ్గర అతను తన సైడు చక్రాల స్కూటీ ఆపాడు. వెనక నేను కూర్చుని ఉన్నాను.

"పొడి మానెయ్ రా" అన్నాను.

"నువ్వు చెప్తున్నవా అన్నా?"

"డాక్టర్ చెప్పిండు కద."

"డాక్టర్ చెప్తే భయమైతాంది. నువ్వు చెప్తే నవ్వొస్తాంది" అంటూ స్కూటీ అద్దాన్ని నా ముఖానికి తిప్పాడు. "చూస్కో నీ మొఖం. ఎంత సంబురమున్నదో చూస్కో."

అద్దంలో చూశాను. సంబరమే ఉంది.

"ఫికర్ చెయ్యకన్నా. ఒక్కసారి నేషనల్స్ కొట్టి మానేస్త. గంతే" అని బండి కదిలించాడు.

నేను చెప్పింది నిజమే కదా! కుళ్ళుతో చెప్పినంత మాత్రాన అబద్ధమైపోతుందా? పోనీ అని ఉస్తాద్‌కు చెప్పాను. "ఆని మీద పడి ఏడ్వకురా బై, నీ రాడ్డు నువ్వు చూస్కో" అన్నాడు. సరే, పొడి సంగతి వదిలేయ్, వెనక ఆ బాత్రూము పగలగొట్టి కమోడు పెట్టించు, అప్పుడైనా వాడు నీళ్ళు తాగుతాడు అన్నాను. "కిరాయి జాగ ఇది. మీ ఇద్దరి కోసం గోడలు పలగ్గొడ్త అంటే మాలిక్ ఊకుంటడా?" అన్నాడు. అందరికీ నా కుళ్ళే కనబడింది. చెప్పిన ముక్క ఎవరికీ వినబడలేదు. నా నోటికి నేను సంపాదించిపెట్టుకున్న పేరు అది.

అతను ఎకో తీయించుకోలేదు. నేషనల్స్ కూడా ఆడలేదు.

ఎండాకాలంలో నారాయణపేటవాళ్ళు అతనికి సన్మానం పెట్టారు. స్టేజీ మీద బెంచీ వేసి, అందరి ముందూ బరువు ఎత్తించాలని ముచ్చటపడ్డారు. భార్యను తీసుకుని బస్సెక్కాడు. ఎక్కేముందు డబ్బీలోంచి చిటికెడు తీసి దవడన పెట్టుకున్నాడు. దారంతా నీళ్ళు ముట్టలేదు. మహబూబ్‌నగర్ బస్టాండులో బస్సు మారాలని భార్య తట్టి లేపితే లేవలేదు.

బెంచీ మీద రాడ్డు ఎత్తుతూ పోయాడని మా కుర్రాళ్ళు చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. కిటికీ పక్క సీట్లో, బస్సులో పోయాడు. పొడి వల్లనా, దాహం వల్లనా, ఎండ వల్లనా, పుట్టుకతోనే గుండెలో ఏదైనా ఉందా అంటే, ఇదీ అని విడదీసి చెప్పలేమన్నారు డాక్టర్లు.

నేను నారాయణపేట వెళ్ళాను. అతని భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దని సైగ చేశాను.

"నీళ్ళ సీస నిండ నింపుకపోయిన అన్నా" అంది. "మూత గూడ తియ్యలే. జర తాగయ్యా, ఎండ మండుతాందని ఎంత బతిలాడిన. మనింటికి పోతున్నం కద, దిగినంక కడుపునిండ తాగుత అన్నడు."

ఇల్లు అన్న మాటకు అర్థం నాకు తెలుసు. అక్కడ అతనికొక బాత్రూము ఉంది.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ అంది. "మీ ముచ్చట తియ్యకుంట బువ్వ తినెటోడు కాదన్నా. డాక్టర్ దగ్గరికెళ్ళి వచ్చిన దినం ఎంత నవ్విండో. అన్నకు నా మీద ఎంత కుళ్ళంటే, నా గుండె మంచిగ లేదన్నా కుళ్ళే అన్నడు."

నేను తల దించుకున్నాను.

"కోపంగ అనలే. ఖుషీగ అన్నడు. గా కుళ్ళు ఉన్నన్ని దినాలు నేనే ఫస్టున్నట్టు. అన్న నన్ను మెచ్చుకున్ననాడు నా పని అయిపోయినట్టే అన్నడు."

సంతాప సభలో ఆమె ముందు వరసలోనే కూర్చుంది. మైకులో "మంచోడు" అన్న తర్వాత నా నోరు ఎందుకు మూసుకుపోయిందో ఆమెకొక్కదానికే తెలిసి ఉంటుంది. అన్నేళ్ళలో నా నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. అతని పని అయిపోయిందని నేనే పదిమందిలో చాటినట్టయింది.

ఇప్పుడు జిల్లాలో మళ్ళీ నేనే మొదటివాణ్ణి. నా తరగతిలో నేనొక్కణ్ణే. అద్దం పక్కన నా పాత ఫొటో అట్లాగే ఉంది, దాని పైన అంతకు నాలుగింతలు పెద్దది అతనిది. ఎత్తే బరువు తగ్గింది. ఎవరి రాడ్డుకు ఎంత ఎక్కిందో ఓరకంట చూసుకోవడానికి పక్క బెంచీ మీద ఎవరూ లేకపోతే నా చేతులకు ఊపు రావడం లేదు.

ఈ మధ్యనే ఉస్తాద్ పట్టుబట్టి జాగా మాలిక్‌ను ఒప్పించాడు. వెనక గోడ పగలగొట్టారు. గుమ్మం మెట్లు తీసేసి వాలుగా సిమెంటు చేశారు. పెరటి బాత్రూమును లోపలికి తెచ్చి, కమోడు పెట్టి, పట్టుకోవడానికి రెండు పక్కలా స్టీలు కడ్డీలు బిగించారు. తలుపు మీద పెద్ద అక్షరాలతో అతని పేరు రాయించారు. ఇద్దరం బతికుండగా నేను అడిగితే కదలని గోడ అది. ఒకడు చచ్చి ఫొటోలోకి ఎక్కాక కదిలింది. నాకు ఎంత మండిందంటే, ప్రారంభం రోజు వెళ్ళకూడదనే అనుకున్నాను.

నన్నే తెరవమన్నారు. ఇంకెవర్ని పిలుస్తారు, దాంతో పనున్న మనిషిని నేనొక్కణ్ణే కదా. అతని నాయిన నారాయణపేట నుంచి వచ్చాడు. రిబ్బను కట్టాల్సిన చోట, తలుపుకు అడ్డంగా, ఒక నేత పట్టీ కట్టి ఉంది. మెరూన్ రంగు, రెండు పక్కలా అంచు. కొత్తది. ఉస్తాద్ నాకు కత్తెర అందించాడు.

"కొయ్యకు బిడ్డా" అన్నాడు ముసలాయన. "ముడి ఇప్పు."

విప్పాను. ఆయన దాన్ని మడిచి నా చేతిలో పెట్టాడు.

"వానిది వానితోనే పోయింది. గిది నీకే నేసిన. బెంచికి కట్టుకో. ఒత్తుకుంటె చెప్పు, మెత్తగ నేసిస్త."

ఎన్నేళ్ళుగానో కన్నుకుట్టిన వస్తువు చేతిలోకి వచ్చింది, అదీ వాడు పోతే వచ్చింది. దాన్ని పట్టుకుని ఏడ్చాను. అందరూ అతని కోసం ఏడ్చాననుకున్నారు. ఈసారి వాళ్ళు అనుకున్నది తప్పు కాదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే జిమ్ముకు రాగానే చెంబెడు నీళ్ళు తాగుతాను. గుటక గుటకకూ ఆగి, దాచుకున్నది తాగినట్టు తాగుతాను. పట్టీ కట్టుకుని ఎత్తగలిగినంత ఎత్తుతాను. తర్వాత దర్జాగా లేచి ఆ తలుపు దగ్గరికి వెళతాను. లోపలికి పోవాలంటే ఆ పేరు చదవక తప్పదు. దిక్కుమాలిన పేరు, నా పేరు ఉండాల్సిన చోట ఉంటుంది. పొడి మానింది నేను, బతికింది నేను, కమోడు పెట్టించమని మొదట అడిగింది నేను. పేరు మాత్రం వాడిది.

గొళ్ళెం మీద చెయ్యి వేసి, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని, ఆ పేరుకు వినబడేట్టు అంటాను.

"తాగిన రా. గంతే."